పసిఫిక్ తీరపు ఇసుక దిబ్బలు, మారమ్ గడ్డి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పశ్చిమ తీరంలో, కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ రాష్ట్రం దాకా, సముద్రపు ఒడ్డున నడిచేవారికి ఇసుక అంచు వెంబడి పచ్చగడ్డి కప్పిన ఎత్తయిన గట్టు చాలాచోట్ల కనిపిస్తుంది. అది అనాదిగా అక్కడ ఉన్నదేనని ఎక్కువమంది అనుకుంటారు. నిజానికి అందులో పెద్ద భాగం గత నూట యాభై ఏళ్లలో మనుషులు తెచ్చి నాటిన గడ్డి కట్టినదే. బే ఏరియా, పోర్ట్‌లాండ్, సియాటిల్ ప్రాంతాల్లో ఉంటూ సెలవులకు ఈ తీరానికి వెళ్లే తెలుగువారికీ, పర్యావరణ విషయాలపై ఆసక్తి గల ఇతర పాఠకులకూ కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఇంతకూ ఇది ఏ గడ్డి?

ప్రధానంగా యూరప్, ఉత్తర ఆఫ్రికా తీరాలకు చెందిన మారమ్ గడ్డి. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని చాలాకాలం అమ్మోఫిలా అరినేరియా అన్నారు; ఇటీవలి వర్గీకరణలో కాలమాగ్రోస్టిస్ ప్రజాతిలో చేర్చారు. అమెరికాలో యూరోపియన్ బీచ్‌గ్రాస్ అనే పేరు వాడుకలో ఉంది. ఇది విత్తనం ద్వారా కంటే ఇసుక లోపల పాకే కాండం ద్వారానే ఎక్కువగా వ్యాపిస్తుంది. తుఫాను అలలు దిబ్బను కోసినప్పుడు తెగిపడిన కాండపు ముక్కలు ఉప్పునీటిలో కూడా కొన్నాళ్లు జీవం కోల్పోకుండా కొట్టుకుపోయి, మరో ఒడ్డుకు చేరి అక్కడ చిగురిస్తాయి. ఎవరూ నాటని మారుమూల తీరాలకు కూడా ఈ గడ్డి చేరడానికి అదే కారణం.

దీనితోపాటు అమెరికన్ బీచ్‌గ్రాస్ అనే మరొక జాతి కూడా ఇక్కడ సమస్యగా ఉంది. అది అమెరికాదే అయినా అట్లాంటిక్ తీరానికీ, గ్రేట్ లేక్స్ ఒడ్డుకూ చెందినది. పసిఫిక్ తీరానికి అది కూడా పరాయిదే. దాని సంగతి తరువాత వివరిస్తాము.

దీనిని ఎవరు, ఎందుకు తెచ్చారు?

ఎగిరే ఇసుకను ఆపడానికి తెచ్చారు. 1860ల చివరి సంవత్సరాల్లో సాన్ ఫ్రాన్సిస్కో నగరం పడమటి వైపు ఇసుక దిబ్బలలోకి విస్తరిస్తున్న కాలంలో అక్కడ ఈ గడ్డిని తొలిసారిగా నాటారు. ఈనాడు గోల్డెన్ గేట్ పార్క్ ఉన్న నేలలో చాలా భాగం ఒకప్పుడు కదిలే ఇసుకే. ఆ తరువాత రైలు పట్టాలు, కలప మిల్లులు, ఓడరేవు కాలువలు, రోడ్లు ఇసుకలో పూడిపోకుండా ఉండేందుకు ఉత్తర కాలిఫోర్నియాలోని హంబోల్ట్ అఖాతం, ఆరెగాన్‌లోని కూస్ బే వంటి చోట్ల కూడా నాటారు.

పెద్ద ఎత్తున నాటడం 1930లలో జరిగింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగ యువకులకు పని కల్పించిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ పథకం కింద, కొలంబియా నది ముఖద్వారానికి దక్షిణాన ఉన్న క్లాట్‌సాప్ మైదానంలో 1935 నుంచి వేల ఎకరాల ఇసుకలో ఈ గడ్డి పిలకలను వరుసగా నాటారు. గడ్డి పట్టుకున్న తరువాత దాని వెనుక స్కాచ్ బ్రూమ్ పొదలనూ, షోర్ పైన్ చెట్లనూ వేశారు. అప్పట్లో దీనిని నేలను కాపాడే శాస్త్రీయమైన పనిగానే అందరూ భావించారు. అమెరికా మధ్య మైదానాల్లో దుమ్ము తుఫానులు పొలాలను ఎత్తుకుపోతున్న ఆ దశాబ్దంలో, ఎగిరే మట్టిని ఎలాగైనా ఆపాలన్న పట్టుదలను తప్పుపట్టడం కష్టం.

ఎగిరే ఇసుకను ఆపడం మంచిదే కదా, అందులో హాని ఏముంది?

ఈ ప్రశ్న మాకు అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది. చెట్లు లేని నేలను బంజరుగా, పచ్చబడిన నేలను బాగుపడినదిగా చూడటం మనలో చాలామందికి అలవాటు. కాని తీరపు దిబ్బ అనేది కదలిక మీద ఆధారపడిన వ్యవస్థ. నదులు సముద్రంలోకి మోసిన ఇసుకను అలలు ఒడ్డుకు చేరుస్తాయి; ఎండిన ఇసుకను గాలి లోపలికి తోస్తుంది; ఆ ఇసుక అంచెలంచెలుగా కదులుతూ ఒకచోట దిబ్బగా పెరుగుతుంది, మరొకచోట పల్లంగా కోసుకుపోతుంది. అక్కడి మొక్కలు, పురుగులు, పక్షులు వేల ఏళ్లుగా ఆ అస్థిరతకే అలవాటుపడ్డాయి. అప్పుడప్పుడు ఇసుకలో కప్పబడటం, అప్పుడప్పుడు బయటపడటం, పోటీ లేని ఖాళీ నేల ఎప్పుడూ ఎక్కడో ఒకచోట దొరకడం వాటి బతుకుకు అవసరం.

మారమ్ గడ్డి ఆ కదలికను తీరం అంచునే ఆపివేస్తుంది. కాబట్టి దీని హాని కేవలం స్థానిక మొక్కల చోటును ఆక్రమించుకోవడంతో ఆగదు. పొలంలో కలుపు మొక్క పైరుతో పోటీ పడుతుంది గాని పొలం గట్లను మార్చదు. ఈ గడ్డి తాను పెరిగే నేల రూపాన్నే మార్చివేస్తుంది. ఇతర ఆక్రమణ జాతుల కంటే దీనిని ప్రత్యేకంగా చూడవలసి రావడానికి కారణం ఇదే.

గడ్డి నేల రూపాన్ని ఎలా మార్చగలదు?

ఒత్తుగా నిలిచిన ఆకులు గాలి వేగాన్ని తగ్గిస్తాయి. వేగం తగ్గిన గాలి తాను మోస్తున్న ఇసుకను అక్కడే రాల్చివేస్తుంది. మామూలు మొక్క అయితే ఆ ఇసుక కింద పడి చనిపోతుంది. మారమ్ గడ్డి మాత్రం పూడ్చిన కొద్దీ నిలువు కాండాన్ని పైకి పంపి, మరింత బలంగా పిలకలు వేస్తుంది. ఏడాదికి ఒక మీటరు దాకా ఇసుక పేరుకున్నా తట్టుకోగలదు. ఇసుక పడేకొద్దీ గడ్డి లేస్తుంది, గడ్డి లేచేకొద్దీ ఇంకా ఇసుక పడుతుంది. ఇలా కొన్ని దశాబ్దాలలోనే తీరానికి సమాంతరంగా, నిటారైన ముఖంతో, కొన్నిచోట్ల పది మీటర్ల ఎత్తుకు చేరే ముందు దిబ్బ ఏర్పడుతుంది. ఈ గడ్డి రాకముందు ఈ తీరంలో అటువంటి అవిచ్ఛిన్నమైన గట్టు అరుదు. అప్పట్లో ఎల్లిమస్ మోలిస్ అనే స్థానిక గడ్డి పలుచగా పెరిగి, తక్కువ ఎత్తులో చెదురుమదురు గుట్టలను మాత్రమే కట్టేది. వాటి మధ్య సందుల గుండా ఇసుక లోపలికి సాగిపోయేది.

గట్టు లేచిన తరువాత అసలు మార్పు దాని వెనుక మొదలవుతుంది. సముద్రం నుంచి కొత్త ఇసుక రావడం ఆగిపోతుంది గాని గాలి వీచడం ఆగదు. కాబట్టి గట్టు వెనుక ఉన్న పొడి ఇసుకను గాలి తవ్వుకుంటూ, భూగర్భ జలంతో తడిసిన పొర బయటపడే వరకు లోతుకు పోతుంది. చదునైన, చెమ్మగా ఉండే ఆ పల్లంలో తుంగజాతి మొక్కలు, విల్లో పొదలు, ఆపైన షోర్ పైన్ చెట్లు మొలుస్తాయి. ఏటేటా ఆ పల్లం తూర్పుకు విస్తరిస్తూ పోతుంది. ఆరెగాన్‌లో ఫ్లోరెన్స్ పట్టణం నుంచి కూస్ బే దాకా సుమారు 40 మైళ్ల పొడవున విస్తరించిన దిబ్బలను 1972లో జాతీయ వినోద ప్రాంతంగా ప్రకటించినప్పుడు, ఆ బహిరంగ ఇసుకే వాటి ఆకర్షణ. పాత విమాన ఛాయాచిత్రాలతో పోల్చి చూస్తే, అందులో ఎంతో భాగం ఇప్పటికే పొదలకూ అడవికీ దక్కిపోయింది. ఆ అడవిలో స్థానిక చెట్లు కూడా ఉన్నాయి కదా అని కొందరు అంటారు. నిజమే, కాని అడవి ఆ తీరంలో ఎక్కడైనా పెరుగుతుంది, కదిలే ఇసుక మాత్రం అక్కడ తప్ప మరోచోట లేదు.

స్వస్థలమైన యూరప్‌లో ఈ గడ్డి ఎందుకు సమస్య కాలేదు?

అక్కడ ఇది తీరానికి రక్షకుడు. స్కాట్లాండ్‌లో కల్బిన్ ఎస్టేట్ ఇసుకలో పూడిపోయిన మరుసటి సంవత్సరం, 1695లో, దిబ్బల మీది గడ్డి పీకడాన్ని నిషేధిస్తూ అక్కడి పార్లమెంటు చట్టమే చేసింది. అదే గడ్డిని పీకడానికి ఈనాడు కాలిఫోర్నియాలో జీతాలు ఇచ్చి మనుషులను పెట్టవలసి వస్తున్నది.

యూరప్‌లో దాని పట్టు కొంతకాలమే సాగుతుంది. నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ పుటెన్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన పరిశోధన దీనికి ఒక కారణం చూపింది: తాజా ఇసుక రావడం తగ్గగానే వేళ్ల చుట్టూ చేరే నులిపురుగులు, శిలీంధ్రాలు మారమ్ గడ్డిని బలహీనపరుస్తాయి, అప్పుడు వాటిని తట్టుకోగల తరువాతి మొక్కలు దాని స్థానంలోకి వస్తాయి. శత్రువులను స్వదేశంలో వదిలి రావడం వల్లనే పసిఫిక్ తీరంలో ఇది చెలరేగిందని చెప్పడం సులువే గాని, కాలిఫోర్నియా నేలల్లో కూడా దానికి హాని చేసే సూక్ష్మజీవులు ఉన్నట్టు తేలింది కాబట్టి ఆ వివరణ ఒక్కటే చాలదు. ఇంత ఒత్తుగా గట్టు కట్టే గడ్డి ఈ తీరంలో ముందు లేకపోవడం అంతకంటే బలమైన కారణమని మా అభిప్రాయం.

ఏయే జీవులకు ఎక్కువ నష్టం జరిగింది?

ముందుగా చెప్పవలసినది వెస్టర్న్ స్నోయీ ప్లోవర్ అనే చిన్న పక్షి. అది గూడు కట్టదు. పొడి ఇసుకలో చిన్న గుంట చేసి సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. గుడ్ల రంగు ఇసుకలో కలిసిపోవడం, నక్కో కాకో వస్తుంటే దూరం నుంచే కనిపించడం అనే రెండే దానికి రక్షణ. గడ్డి పై ఒడ్డును ఆక్రమించగానే చూపుకు అడ్డు వస్తుంది, వేటజంతువులకు దాక్కునే చోటు దొరుకుతుంది, మిగిలిన సన్నని ఇసుక పట్టీలో గుడ్లు పెడితే పోటు నీరు తీసుకుపోతుంది. జనసంచారం కూడా తోడై ఈ పక్షుల సంఖ్య పడిపోగా, పసిఫిక్ తీరపు జనాభాను 1993లో అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చారు. శీతకాలంలో పులికాట్, కాకినాడ తీరాలలో కనిపించే కెంటిష్ ప్లోవర్‌కు ఇది దగ్గరి బంధువు. 2011 వరకు రెండింటినీ ఒకే జాతిగా లెక్కించేవారు.

మొక్కల విషయానికి వస్తే మెంజీస్ వాల్‌ఫ్లవర్, బీచ్ లేయియా, టైడ్‌స్ట్రామ్స్ లూపిన్ అనే మూడింటిని 1992లో అంతరించిపోతున్న జాతులుగా ప్రకటించారు. వీటి క్షీణతకు ఇళ్ల నిర్మాణం, వాహనాలు కూడా కారణమే అయినప్పటికీ, మిగిలిన స్థావరాలలో ఆక్రమణ మొక్కలే పెద్ద బెడద. నేలబారుగా పెరిగే ఈ మొక్కలు గడ్డి నీడలో బతకలేవు.

లూపిన్ కథ కొంత వివరంగా చెప్పదగినది, ఎందుకంటే అక్కడ గడ్డి నేరుగా పోటీ పడకుండానే హాని చేస్తున్నది. ఈ మొక్క ప్రపంచం మొత్తం మీద కాలిఫోర్నియాలోని సొనోమా, మరిన్, మాంటెరే కౌంటీల తీరంలోనే ఉంది. దాని గింజలను తినే డీర్ మౌస్ అనే ఎలుక కూడా స్థానిక జీవే, కొత్తగా వచ్చినది కాదు. అయితే బహిరంగ ఇసుకలో గద్దకూ గుడ్లగూబకూ భయపడి ఎక్కువ దూరం తిరగని ఆ ఎలుకకు మారమ్ గడ్డి గుబుర్లు ఆశ్రయం ఇస్తున్నాయి. గడ్డికి దగ్గరగా ఉన్న లూపిన్ మొక్కల గింజలు దూరంగా ఉన్నవాటి కంటే చాలా ఎక్కువగా ఎలుకల పాలవుతున్నాయని పాయింట్ రేస్‌లో జరిగిన పరిశోధనలు చూపాయి. అంటే గడ్డి ఒక్క వేరు కూడా తాకని చోట కూడా దాని ప్రభావం పడుతుందన్న మాట.

అమెరికన్ బీచ్‌గ్రాస్ సంగతి ఏమిటి?

1930లలో క్లాట్‌సాప్ నాట్లతోపాటు వచ్చిన ఈ గడ్డి నైరుతి వాషింగ్టన్ తీరంలో మారమ్ గడ్డినే పక్కకు నెట్టి విస్తరించింది. ఇది అడ్డంగా ఎక్కువగా పాకుతుంది కాబట్టి దిబ్బలు వెడల్పుగా ఉంటాయి గాని ఎత్తు దాదాపు సగమే. స్థానిక మొక్కలను అణచివేయడంలో మాత్రం మారమ్ కంటే తక్కువది కాదు. ఆరెగాన్, వాషింగ్టన్ తీరాలలో ఈ రెండింటి సంకరం కూడా సహజంగా పుట్టినట్టు 2021లో పరిశోధకులు ప్రకటించారు. అది ఎటువంటి దిబ్బలు కడుతుందన్నది ఇప్పుడు జాగ్రత్తగా గమనిస్తున్న విషయం.

గడ్డిని ఎలా తొలగిస్తారు?

చెప్పినంత సులువు కాదు. మన పొలాల్లో తుంగనూ గరికనూ తవ్వినవారికి ఈ కష్టం వెంటనే అర్థమవుతుంది: లోపల మిగిలిన చిన్న ముక్క చాలు, మళ్లీ లేస్తుంది. కాల్చితే పైభాగం పోతుంది, వేరుకు ఏమీ కాదు. ఇసుక కప్పితే బలపడుతుంది.

హంబోల్ట్ అఖాతం పక్కనున్న లాన్‌ఫియర్ దిబ్బలలో చేతితో తవ్వే పద్ధతిని పట్టుదలగా అమలు చేశారు. పారతో కాండాన్ని తెంచి లాగడం, కొన్ని వారాలకు మళ్లీ చిగురిస్తే మళ్లీ తవ్వడం, ఇలా నిల్వ ఉన్న బలమంతా ఉడిగేదాకా రెండు మూడేళ్లు వెంటపడటం ఆ పద్ధతి. ఖర్చు ఎక్కువ, మనుషులు ఎక్కువ. అయినా దానికి ఒక లాభం ఉంది: పక్కనే ఉన్న స్థానిక మొక్కలు దెబ్బతినవు. పరిసరాల్లో వాటి విత్తనం మిగిలి ఉన్నందువల్ల, గడ్డి పోయిన చోటికి అవి చాలావరకు తమంతట తామే తిరిగి వచ్చాయి.

విస్తీర్ణం పెద్దదైనప్పుడు యంత్రాలు తప్పవు. పాయింట్ రేస్ జాతీయ తీరంలోని ఆబట్స్ లగూన్ వద్ద 2011లో ఎక్స్‌కవేటర్లతో గడ్డిని, వేళ్లను తీసి లోతైన గోతుల్లో వేసి, పైన మీటర్ల మందాన శుభ్రమైన ఇసుక కప్పారు. పూడ్చితే బలపడే గడ్డిని పూడ్చి చంపడమా అని అనుమానం రావచ్చు. అది పైకి రాలేనంత లోతులో ఒక్కసారిగా పూడ్చడమే అక్కడ ఉపాయం. అయితే విడుదలైన ఇసుక సహజంగానే కదలడం మొదలుపెట్టి, గాలివాలున ఉన్న పచ్చిక బీళ్ల వైపు సాగింది. దిబ్బను బతికించడమంటే ఇసుకను కదలనివ్వడమే గనుక, పొరుగున ఎవరున్నారన్నది ముందే చూసుకోవలసిన విషయం.

ఆరెగాన్‌లో కూస్ బే నార్త్ స్పిట్ వంటి చోట్ల బుల్డోజర్లతో గట్టును చదును చేసి, మళ్లీ మొలిచే గడ్డిని తరచుగా దున్నుతూ ప్లోవర్లకు ఖాళీ ఇసుకను నిలబెడుతున్నారు. అక్కడా, వాషింగ్టన్‌లోని లెడ్‌బెటర్ పాయింట్ వద్దా గుల్లచిప్పల ముక్కలను ఇసుక మీద చల్లుతారు. వాటి మధ్య గుడ్లు మరింత బాగా కలిసిపోతాయి. అటువంటి చోట్లనే పింక్ శాండ్ వర్బీనా అనే అరుదైన మొక్క విత్తనాలు కూడా వేసి దానిని తిరిగి నిలబెట్టారు. ఆరెగాన్‌లో ప్లోవర్ల సంఖ్య 1990ల తొలినాళ్ల కంటే ఎన్నో రెట్లు పెరిగింది. అందులో వేటజంతువుల నియంత్రణకూ, గుడ్లు పెట్టే కాలపు ఆంక్షలకూ కూడా వాటా ఉంది.

ఇమాజపిర్, గ్లైఫోసేట్ వంటి కలుపు మందులను కూడా వాడుతున్నారు. ఖర్చు తక్కువ, కాని చచ్చిన గడ్డి దుబ్బులు కొన్నేళ్లపాటు ఇసుకను పట్టి ఉంచుతాయి కాబట్టి దిబ్బ వెంటనే కదలదు. మందు చల్లడానికి స్థానిక ప్రజల అభ్యంతరాలు కూడా ఉంటాయి, అవి అసమంజసమైనవి కావు.

గట్టు తీసేస్తే తీరంలోని ఇళ్లకు ముప్పు కాదా?

కొన్నిచోట్ల అవును. ముందు దిబ్బ ఎత్తుగా ఉంటే తుఫాను అలలు దానిని దాటి రావడం కష్టం. ఎత్తయిన మారమ్ దిబ్బల స్థానంలో పొట్టిగా ఉండే అమెరికన్ బీచ్‌గ్రాస్ దిబ్బలు వస్తే అలలు దాటివచ్చే ప్రమాదం పెరుగుతుందని ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన శాలీ హ్యాకర్, ఇతర పరిశోధకులు లెక్కగట్టారు. గడ్డిని నమ్ముకొని, ఒకప్పుడు ఇసుక కదిలిన నేల మీదే ఊళ్లు వెలిశాయి. ఇప్పుడు ఆ ఊళ్ల ముందున్న గట్టును తీయాలని ఎవరూ అడగడం లేదు. ఇళ్లు లేని, పక్షులూ అరుదైన మొక్కలూ మిగిలిన భాగాలను ఎంచుకొని పని చేస్తున్నారు. మా దృష్టిలో ఇది రాజీ కాదు, ఉన్న పరిస్థితిలో చేయగలిగిన సరైన పని.

ఇతర దేశాలలో కూడా ఇదే పరిస్థితి ఉందా?

న్యూజిలాండ్‌లో ఉంది. అక్కడ మారమ్ గడ్డి పింగావ్ అనే స్థానిక మొక్కను వెనక్కు నెట్టింది; మావోరీలు బంగారు రంగులోకి మారే ఆ ఆకులతో అల్లికలు చేస్తారు. అక్కడి స్టీవర్ట్ దీవిలో గడ్డిజాతులను మాత్రమే చంపే మందుతో విస్తారంగా తొలగింపు జరిగింది. టాస్మానియా తీరంలో కూడా ఈ గడ్డి ఉంది.

ఆంధ్ర తీరంలో ఈ గడ్డి ఉందా?

మారమ్ చల్లని ప్రాంతాల గడ్డి. మన వేడి తీరానికి దాని బెడద లేదు. మన దిబ్బల మీద ఇసుకను పట్టే పనిని రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్ల గడ్డి, బాలబంద తీగ చేస్తాయి. అయితే ఇసుకను ఆపాలన్న ఉద్దేశంతో పరాయి మొక్కను తెచ్చి నాటిన కథ మనకు కొత్త కాదు. 1977 నాటి దివిసీమ ఉప్పెన తరువాత గాలివేగాన్ని తగ్గించే రక్షణ వనాలుగా తీరం వెంబడి సరుగుడు విస్తారంగా వేశారు. దానివల్ల కలప, వంటచెరకు, గాలి నుంచి కొంత రక్షణ దొరికిన మాట నిజం. పోటు గీతకు మరీ దగ్గరగా వేసిన చోట, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే బహిరంగ ఇసుక తగ్గిపోతుందని సముద్ర తాబేళ్ల నిపుణులు చెబుతున్నదీ నిజమే. చెట్టు నాటాలా వద్దా అన్నది కాక, ఒడ్డు నుంచి ఎంత దూరంలో నాటాలి అన్నది అక్కడ అడగవలసిన ప్రశ్న.

తీరానికి వెళ్లేవారు ఏం పాటించాలి?

ఆరెగాన్‌లో మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 వరకు ప్లోవర్లు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో గుర్తించిన తీరాలలో తాడు కట్టిన పొడి ఇసుకలోకి వెళ్లకూడదు; అక్కడికి కుక్కలను తీసుకురావడం, గాలిపటాలు, డ్రోన్లు ఎగరవేయడం కూడా నిషిద్ధం. గాలిపటాన్ని ఆ పక్షి గద్దగా భావించి గుడ్లను వదిలి పారిపోతుంది. తడి ఇసుక మీద నడవడానికి అభ్యంతరం లేదు. తినగా మిగిలిన పదార్థాలను ఒడ్డున వదలవద్దు, అవి కాకులను రప్పిస్తాయి.

గడ్డిని సొంతంగా పీకే ప్రయత్నం చేయకండి. స్థానికమైన ఎల్లిమస్ మోలిస్ ఆకు వెడల్పుగా, కొంచెం నీలి ఛాయతో ఉంటుంది. మారమ్ ఆకు సన్నగా, ఎండినప్పుడు నిలువునా చుట్టుకొని ఉంటుంది. అలవాటు లేని కంటికి ఈ తేడా వెంటనే తెలియదు. పైగా ప్రభుత్వ భూమిలో అనుమతి లేకుండా మొక్క తీయడం నేరం కావచ్చు. ఆసక్తి ఉన్నవారు పాయింట్ రేస్, హంబోల్ట్ ప్రాంతాల్లో నిర్వహించే స్వచ్ఛంద తొలగింపు దినాలలో పాల్గొనవచ్చు. పారలు వారే ఇస్తారు. చేతితొడుగులు, గాలిని ఆపే చొక్కా మాత్రం మీరు తీసుకువెళ్లండి, ఎందుకంటే ఆ తీరంలో వేసవిలో కూడా చలిగాలి వీస్తుంది.